శూన్యగృహము

భరతముని నాట్యశాస్త్రమున భయానక రసమునకు విభావములను జెప్పుచు, వికృతధ్వనులను వినుట, అడవి జొచ్చుట మున్నగు వానితోపాటు శూన్యగృహమును గూడ బేర్కొనెను. ఇన్ని శతాబ్దములు గడచినను, జనులను భయపెట్టదలచిన వారికి పాత యిల్లే ముఖ్యాధారముగ నున్నది. మూసిన గది యొకటి, గాలికి గొట్టుకొను కిటికీ యొకటి యున్న జాలును. తక్కినదంతయు జూచువారి మనస్సే కల్పించుకొనును. కాని ఇటీవల మేము జూచిన ‘ది అదర్స్’ అను ఆంగ్ల చలనచిత్రము మమ్ము భయపెట్టిన తీరు వేరు. దానిని గూర్చి సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటింపవలెనని తోచినది.

ఈ చిత్రము 2001వ సంవత్సరమున వెలువడినది. ‘అదర్స్’ అనగా ‘ఇతరులు’. స్పెయిను దేశపు దర్శకుడగు అలెహాంద్రో అమెనాబార్ దీనికి కథను వ్రాసి, సంగీతమును గూడ దానే కూర్చెను; అప్పటి కతనికి 30 ఏండ్లయిన నిండలేదు. తల్లి పాత్రను నికోల్ కిడ్మన్ ధరించినది. మాటలన్నియు ఇంగ్లీషే యైనను, స్పెయిను వారు తమ గోయా బహుమానములలో ఉత్తమచిత్రముగ దీనినే యెన్నుకొనిరి. స్పానిషు మాట యొక్కటియు లేని చిత్రమున కా గౌరవము దక్కుట అదియే మొదలు.

కథ జరుగునది ఇంగ్లీషు కాలువలోని జెర్సీ ద్వీపమున, 1945లో. ఆ దీవిని జర్మనులు 1940 జూలైలో ఆక్రమించి, 1945 మే 9వ తేదీ వరకును విడువలేదు. ఇట్టి చోట మంచు గమ్మిన తోటల నడుమ నొక పెద్ద భవనము. అందు గ్రేస్ అను నిల్లాలు, కూతురు ఆన్, కొడుకు నికోలస్. భర్త యుద్ధమునకు బోయి తిరిగి రాలేదు. పిల్లలకు వెలుతురు సోకరాని రోగము. సూర్యరశ్మి వలన జర్మమునకు గలిగిన హానిని శరీరము సరిచేసికొనలేని వ్యాధి యొకటి నిజముగనే కలదు; వంశపారంపర్యముగ వచ్చును, మిగుల నరుదు. ఇందువలన నా యింట కిటికీలకు దళసరి తెరలు. ఒక తలుపు మూసి తాళము వేసినగాని మరియొక తలుపు తీయరాదు. తలుపులు 50, తాళపుచెవులు 15. కొత్తగా వచ్చిన పనివారికి గ్రేసు ఈ నియమములను బోధించుచు గది వెంట గది త్రిప్పు ఘట్టమొకటి కలదు. ఆ చిత్రమున మాకెల్లకంటె నెక్కువగ మనస్సున నాటినది అదియే. దయ్యమింకను రాలేదు, తాళపుచెవుల చప్పుడే వినిపించుచున్నది, అంతకే మా అరచేతులు చెమర్చెను.

కారణము చెప్పెదము. మా వారు ఉపాధ్యాయులు. కొన్నియేండ్ల క్రిందట వారికి దూరపు పాఠశాలకు బదిలీ యయ్యెను. చంటిపిల్లలిద్దరితో మేమొక యేడాది ఊరి చివర పాత మండువా యింట నుండవలసి వచ్చెను. దొడ్డితలుపు గడియ వేసితిమో లేదో యని రాత్రికి నాలుగుమారులు లేచి చూచుచుంటిమి. పిల్లలు దగ్గినను భయమే, దగ్గకున్నను భయమే. పగలు చిన్న తప్పునకు వారిపై గసరుకొని, రాత్రి వారు నిద్రించిన పిదప నేడ్చుచుంటిమి. కొన్నాళ్ళకు ప్రక్కవీథి అవ్వ యొకతె తానై వచ్చి, “ఒక్కదానివి పిల్లలతో ఎట్లా పడుకుంటావే తల్లీ” అని, చాప దెచ్చుకొని మా వసారాలో బండుకొనసాగెను. ఆమె చేసినదేమియు లేదు. గురక పెట్టుచుండెను, అంతే. ఆ గురక విని మేము నిద్రించుచుంటిమి. గ్రేసు భవనమున కట్టి వసారా లేదు, అవ్వయు లేదు.

ఇక కథాంతము. దానిని ముందుగ జెప్పినచో రసభంగమని యిప్పటి వారందురు. శకుంతల పోగొట్టుకొన్న ఉంగరము దొరకునని యెరిగియే మనము శాకుంతలమును జదువుదుము గదా. అయినను చిత్రమును జూడదలచిన వారు మాత్ర మిచ్చట నాగుట మేలు.

ఇంటిలో నెవరో తిరుగుచున్నారని ఆన్ చెప్పును. విక్టరను బాలుడట, ఒక ముసలిదట. తల్లి నమ్మక శిక్షించును. మూసిన గదిలో పియానో దానంతట మ్రోగును. ఒకనాడు తెరలన్నియు మాయమగును. తుదకు దెలియవచ్చున దేమనగా, ‘ఇతరులు’ బ్రదికియున్నవారు. గ్రేసు, పిల్లలు, పనివారు, అందరును గతించినవారే. ఆమె యొకనాడు మతి చెడి తన బిడ్డలను దలగడతో నూపిరి యాడకుండ జేసి, పిమ్మట దుపాకితో దన్ను గాల్చుకొన్నది. మరల బిడ్డల నవ్వు వినబడగా, దేవుడు తనకింకొక యవకాశ మిచ్చెనని తలచి, తలుపులకు దాళములు వేయ మొదలిడినది. వెలుతురు నుండి, దొంగల నుండి, దయ్యముల నుండి బిడ్డలను గాచిన చేయియే, కాపాడవలసిన వేళ కాపాడనిది.

ఇది విని మా యెదురింటి పిన్నిగారు చాల నొచ్చుకొనిరి. “తల్లి అన్నది అట్లా చేస్తుందటమ్మా? ఇట్లాంటివి ఇంట్లో పెట్టుకుని చూడటమేమిటి?” అనిరి. పిన్నిగారి మాటను మేము తేలికగ ద్రోసివేయజాలము. చిన్నపిల్లలకును గర్భవతులకును జూపదగిన చిత్రము కాదని మేమును జెప్పుదుము. కాని తల్లి యట్లు చేయదను మాటకు మా భారతమే యడ్డు వచ్చును. గంగ యేడుగురు బిడ్డలను వరుసగ నీట విడిచెను. వసువుల శాపమను కారణము ముందుగనే తెలిసియుండుటచే మనము చలింపక పురాణము వినుచుందుము. గ్రేసునకు శాపము లేదు, శాపవిమోచనము లేదు, ఉన్నది ఒంటరితనము. పనివారు చెప్పకయే వెడలిపోయిరి, భర్త జాడ లేదు, రోగపు బిడ్డలు, చీకటి గదులు. హెన్రీ జేమ్సు 1898లో వెలువరించిన ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ కథలోను ఇట్టి పెద్ద యిల్లు, ఇద్దరు పిల్లలు, భయపడు స్త్రీ యొకతె కలరు. ఐతే ఆమె జీతమునకు వచ్చిన ఉపాధ్యాయిని. సహింపలేనిచో బెట్టె సర్దుకొని పోవచ్చును. తల్లి యెచ్చటికి బోవును? అందుచేత గ్రేసు చేసినది ఘోరమని యొప్పుకొనుచునే ఆమెకై మేము కంటతడి పెట్టితిమి. అందులకు మాకు సిగ్గు లేదు.

చిత్రమున మాకు నచ్చని దొకటి కలదు. మంచులో భర్త యెదురుపడి ఇంటికి వచ్చి, ఒకటి రెండు రోజులుండి, మరల వెడలిపోవును. అంత గొప్ప సందర్భమును దర్శకుడు చప్పగ జారవిడిచెను. “మగవాడిని ఎక్కడ పెట్టాలో వాళ్ళకూ తెలియలేదు” అని మా వారే నవ్విరి.

భయానకమునకు వర్ణము నలుపనియు, అధిదేవత కాలుడనియు, కరుణమునకు వర్ణము పావురపు బూడిద వన్నె యనియు, అధిదేవత యముడనియు భరతుడు చెప్పెను. కాలునకును యమునకును గల దూరమెంత! ఈ చిత్రము నలుపు గదులలో మొదలై, ఆ మంచు వన్నెలోనికే సాగిపోవును. బ్రదికియున్న కుటుంబము ఆ యిల్లు విడిచి కారెక్కి పోవుచుండగా, కిటికీ యద్దము వెనుక తల్లియు బిడ్డలును నిలిచియుందురు. ఎండ వారి మీద బడుచుండును. చిన్ననాటి నుండి యెరుగని ఆ యెండలో బిడ్డలకు నొప్పి యేమియు లేదు.