మట్టిచేతులు

బిడ్డల నెట్లు ఆడింపవలెనో బోధించుటకు నేనీ నాలుగు మాటలు వ్రాయుట లేదు. నా నాలుగేండ్ల కుమారుడు నాకు నేర్పినదానినే మనవి చేయుచున్నాను.

వాన అరుదైన మా వెలిగండ్లలో నొకనాడు మంచి జల్లు కురిసెను. బాలుడు పెరటిలోని తడిమట్టితో ఎద్దును జేసి, "అమ్మా, చూడు!" అని పిలిచెను. చుట్టములు వచ్చు వేళ యది. నేను కోపముతో ఆ యెద్దును గోడ కవతల పారవైచి, వాని చేతులు కడిగి, మార్కాపురపు పలక నిచ్చి, "అ ఆలు దిద్దుకో" అంటిని. వాడేడ్వలేదు. కాని ఆనాటినుండి "అమ్మా, చూడు" అనుట మానివేసెను. వారము గడచిన పిదపగాని ఆ మౌనము నాకు దెలియలేదు.

ఏటేట భాగవత దశమస్కంధము పారాయణము చేయుదానను. మన్ను తిన్న బాలకృష్ణుని నోట యశోద బ్రహ్మాండమును గాంచిన ఘట్టమున కన్నులు చెమర్చును. అట్టి నేను నా బిడ్డ చేతిలో మురికిని దప్ప మరేమియు జూడనైతిని!

మావారు ఉపాధ్యాయులు. నా బాధ విని, వైద్యురాలైన మరియా మాంటిసోరీ 1907లో రోమునగరమున కూలీల బిడ్డలకై తెరచిన శిశుగృహమును గూర్చియు, ఆమె 1939లో మదరాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుటను గూర్చియు చెప్పిరి. ఆ పద్ధతిలో బిడ్డలు నీళ్లు పోయుట, తుడుచుట, బొత్తాములు పెట్టుట వంటి నిజమైన పనులు చేయుదురట. గరుకుకాగితపు అక్షరములను వ్రేలితో తడవి, పిదప వ్రాయుదురట.

నాటినుండి నేను కందులు చెరుగునపుడు వానికొక చిన్నచేట నిత్తును. పిండి పిసుకునపుడు ఒక ముద్ద నిత్తును. వాడు చింతగింజలతో పీటపై 'అ' పేర్చును. గింజలు ముక్కులోనో గొంతులోనో పోవచ్చును గనుక ప్రక్కనే కూర్చుందును. మూడేండ్ల లోపువారికి అసలే ఈయరాదు. పని తొందరలో చేతిఫోను నిచ్చి యూరకుంచు అలవాటును మానితిని. కొన్న బొమ్మ ఒక్కటియు లేదు. గింజలు నేలపాలగును, వంట ఆలస్యమగును, ఓర్పొక్కటే వ్యయము.

మొన్న మరల చినుకులు పడినవి. పొయ్యి వద్ద నుండగా పెరటినుండి "అమ్మా, చూడు!" అని వినవచ్చెను. అన్నము దించకయే పరుగెత్తితిని. ఈసారి యెద్దునకు ఒక్క కొమ్మే యున్నది. అన్నము అడుగంటినది. అయినను, చూచితిని.