కొత్త హోటలులో రెండు బసలు

విలాసవంతమైన హోటలులో దిగి నిరాశ చెందడం ఆరోగ్య విషయాలు రాసే చోట ప్రస్తావించదగిన సంగతేనా అని పాఠకులకు అనిపించవచ్చు. కాఫీ చల్లారిందనో, పెట్టెలు ఆలస్యంగా గదికి చేరాయనో చెప్పుకోవడానికైతే నేను ఈ వ్యాసం రాసేవాడిని కాదు. నలభై సంవత్సరాలు వైద్యవృత్తిలో గడిపినవాడు ఏ భవనంలో అడుగుపెట్టినా అతని దృష్టి ముందుగా గాలి, నీరు, నేల, నిద్ర, ఆహారం వైపు పోతుంది. ఈ ఐదూ సక్రమంగా ఉంటే చిన్న సత్రంలోనైనా మనిషి క్షేమంగా ఉంటాడు. ఇవి లోపిస్తే పాలరాతి మేడలోనూ క్షేమం ఉండదు.

కోస్తాలోని ఒక నగరంలో కొత్తగా తెరిచిన పెద్ద హోటలులో నేను రెండుసార్లు బస చేయవలసి వచ్చింది. మొదటిసారి అది తెరిచిన మూడవ వారంలో, మా పెద్దక్కయ్య మనవరాలి వివాహానికి. రెండవసారి ఏడు నెలల తరువాత, మా వైద్య కళాశాల సహాధ్యాయుల కలయికకు. హోటలు పేరు ఇక్కడ అనవసరం. నేను చూసిన లోపాలు తొందరపడి తెరిచే ఏ కొత్త భవనంలోనైనా ఉండగలవు. వాటిని గుర్తించడం తెలిస్తే పాఠకులు ఎక్కడికి వెళ్ళినా ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కొత్త వాసన

గది తలుపు తీయగానే వార్నిషు, జిగురు, రంగులు కలిసిన ఘాటైన వాసన వచ్చింది. వెంట వచ్చిన బంధువులు “ఆహా, అంతా కొత్త వాసన” అని సంతోషించారు. పది నిమిషాలకే నా కళ్ళు మండసాగాయి. నా భార్యకు చిరకాలంగా ఉబ్బసం ఉంది. ఆ రాత్రి ఆమె రెండుసార్లు సాల్బుటమాల్ పీల్చుకోవలసి వచ్చింది. అంతకు ముందు కొన్ని నెలలుగా ఆమెకు ఆ అవసరం కలుగలేదు.

కొత్త బల్లలు, బీరువాలు, గోడలకు తాపడం చేసిన చెక్కపలకలు తయారుచేసేటప్పుడు వాడే జిగుళ్ళలో చాలావాటి నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నెలల తరబడి కొద్దికొద్దిగా వెలువడుతూ ఉంటుంది. రంగులు, తివాచీలు, పరదాల నుంచి మరికొన్ని ఆవిరులు వస్తాయి. వేడి, తేమ ఎక్కువైనకొద్దీ ఇవి మరింతగా వెలువడుతాయి. మన కోస్తా వాతావరణంలో ఆ రెండింటికీ కొదువ లేదు. కళ్ళ మంట, గొంతులో గరగర, తలనొప్పి, ఉబ్బసం ఉన్నవారిలో ఆయాసం వీటివలన కలుగుతాయి. ఇంటిలోపలి గాలిలో ఫార్మాల్డిహైడ్ అరగంట సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించింది. దీర్ఘకాలం ఎక్కువ మోతాదులో పీల్చినవారిలో ఇది క్యాన్సరు కలిగించగలదని కూడా నిర్ధారించారు. ఒకటి రెండు రాత్రుల బసతో అటువంటి ప్రమాదం ఉంటుందని అతిథులు భయపడనవసరం లేదు. కాని ఆ గదులలో రోజంతా పనిచేసే సిబ్బంది సంగతి ఆలోచించవలసినదే.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడమే. ఆ హోటలులో కిటికీలు తెరుచుకునేవి కావు. గోడంత అద్దం, దాని వెనుక సముద్రం. చూపుకు సముద్రం ఉంది, శ్వాసకు లేదు. శీతలయంత్రం గదిలోని గాలినే మరల మరల చల్లబరుస్తూ ఉండింది. వాసన వస్తున్నదని చెబితే ఒక కుర్రవాడు వినయంగా వచ్చి సుగంధద్రవ్యం చల్లి వెళ్ళాడు. ఉన్న ఆవిరులకు మరికొన్ని తోడయ్యాయి.

అద్దంలాంటి నేల

మా అక్కయ్యకు డెబ్బై ఆరు సంవత్సరాలు. పెళ్ళికి ముందురోజు సాయంత్రం నన్ను చూసి, “తమ్ముడూ, ఈ నేల అద్దంలా ఉందిరా, అడుగు వేయాలంటే భయం వేస్తోంది” అన్నది. మర్నాడు తెల్లవారుజామున స్నానాల గదిలో జారి, కుడిచేయి ఆనించి పడిపోయింది. మణికట్టు పైన ఎముక విరిగింది. 1814లో డబ్లిన్ నగరంలోని శస్త్రవైద్యుడు అబ్రహాం కాలీస్ వర్ణించిన విరుగుడు ఇదే. ఋతుక్రమం ఆగిన తరువాత ఎముకల సాంద్రత తగ్గిన స్త్రీలలో ఇది తరచుగా చూస్తాము. పడబోయేటప్పుడు ఎవరైనా అప్రయత్నంగా చేయి చాపుతారు. దేహభారమంతా ఆ మణికట్టుపై పడుతుంది.

ఆ స్నానాల గదిని తరువాత నేను పరిశీలించాను. నున్నగా మెరుగుపెట్టిన నల్లరాయి. తడి ఉన్నదీ లేనిదీ కంటికి తెలియదు. స్నానం చేసేచోటికీ తక్కిన గదికీ మధ్య అంగుళంన్నర ఎత్తు గట్టు ఉంది, అదీ నలుపే. గోడకు పట్టుకునే కడ్డీ ఒక్కటీ లేదు. తువ్వాలు వేసే సన్నని కడ్డీ ఉంది గాని అది మనిషి బరువు ఆపేది కాదు. దీపాలకు మీటలు లేవు, మంచం పక్కన వేలితో తాకే ఒక గాజుపలక ఉంది. కళ్ళజోడు లేని ముసలివారు చీకటిలో దానిని వెదికి పట్టుకోలేరు. రాత్రి రెండు మూడుసార్లు మూత్రవిసర్జనకు లేచే వయస్సులో ఈ నాలుగూ కలిస్తే పడకపోవడమే ఆశ్చర్యం.

ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వలన మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రమాదమరణాలలో రహదారి ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. మృతులలో అరవై దాటినవారే అధికం.

హోటలు నిర్వాహకునితో నేను మర్యాదగానే మాట్లాడాను. “కడ్డీలు పెడితే గది ఆసుపత్రిలా కనిపిస్తుంది సార్, అతిథులు ఇష్టపడరు” అన్నారాయన. తరువాత రెండు పుటల ఉత్తరం రాశాను. గట్టు తీసివేయడం, జారని పలకలు పరచడం, కడ్డీలు బిగించడం, రాత్రిపూట నేలకు దగ్గరగా చిన్న దీపం ఉంచడం అని నాలుగు సూచనలు చేశాను. సమాధానంగా మరుసటి బసకు అద్దెలో ఇరవై శాతం తగ్గింపు ఇచ్చే కూపను వచ్చింది.

నిలిచిన నీరు

రెండవ బసలో నా మిత్రుడికి ఆ వారమే తెరిచిన పై అంతస్తులో గది ఇచ్చారు. ఆయన కుళాయి తిప్పితే మొదట తుప్పురంగు నీరు, తరువాత గోరువెచ్చని నీరు వచ్చాయి. ఎంతసేపు చూసినా అవి వేడెక్కలేదు. ఊపిరితిత్తుల వైద్యంలో జీవితం గడిపిన ఆయన నావైపు చూశాడు. ఇద్దరికీ ఒకే హోటలు గుర్తుకు వచ్చింది.

1976 జూలైలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో బెల్‌వ్యూ-స్ట్రాట్‌ఫోర్డ్ అనే పేరుపొందిన హోటలులో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సమావేశం జరిగింది. ఇళ్ళకు చేరిన కొద్దిరోజులకు పలువురు తీవ్ర జ్వరంతో, ఊపిరితిత్తుల తాపంతో ఆసుపత్రుల పాలయ్యారు. రెండు వందల మందికి పైగా జబ్బుపడగా 34 మంది మరణించారు. కొన్ని నెలల పాటు కారణం తెలియలేదు. 1977 జనవరిలో జోసెఫ్ మెక్‌డేడ్, చార్లెస్ షెపర్డ్ అనే శాస్త్రజ్ఞులు ఒక కొత్త సూక్ష్మజీవిని కనుగొన్నారు. ఆ సంఘం పేరు మీదుగానే దానికి లీజియనెల్లా అనే పేరు వచ్చింది.

ఈ సూక్ష్మజీవి 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండే నీటిలో, ముఖ్యంగా నిలిచిన నీటిలో వృద్ధి చెందుతుంది. సాధారణంగా ఒకరినుంచి ఒకరికి సోకదు. తుంపరలుగా మారిన నీటిని పీల్చినప్పుడు ఊపిరితిత్తులలో చేరుతుంది. స్నానపు జల్లు, ఫౌంటెన్లు, శీతలయంత్రాల నీటి గోపురాలు దానికి మార్గాలు. వేడినీటి తొట్టెలలో నీరు 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచితే అది బతకదు. అంత వేడినీరు చర్మాన్ని కాల్చకుండా కుళాయి దగ్గర చన్నీటితో కలిపే కవాటాలు ఉండాలి. నీరు గోరువెచ్చగా మాత్రమే వస్తున్నదంటే కవాటం సవ్యంగా పనిచేస్తూ ఉండవచ్చు, లేదా తొట్టెలోనే వేడి చాలకపోయి ఉండవచ్చు. అతిథికి ఆ తేడా తెలియదు, హోటలువారికి తెలియాలి.

కొత్త భవనాలలో ఈ చిక్కు ఎందుకు వస్తుందంటే, అతిథులు రావడానికి చాలా ముందే గొట్టాలలో నీరు నింపి పరీక్షిస్తారు. తరువాత గదులు మూసి ఉంటాయి. నిలిచిన నీటిలో క్లోరిన్ క్రమంగా హరించుకుపోతుంది, గొట్టాల లోపల జిగట పొర ఏర్పడుతుంది. అందువలన వాడని గదులలో కూడా కుళాయిలు వారం వారం తిప్పి నీరు పోనివ్వాలి. ఆ పని జరుగుతుందా అని అడిగితే అక్కడ ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. మా బృందంలో ఎవరికీ జబ్బు చేయలేదు. కాని క్షేమం అదృష్టానికి వదిలివేయవలసినది కాదు.

నిద్ర, ఆహారం

నిద్ర విషయంలో తప్పంతా హోటలుది కాదు. కొత్తచోట మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టకపోవడాన్ని శాస్త్రజ్ఞులు 1960 దశకంలోనే గుర్తించారు. కొత్తచోట మొదటి రాత్రి గాఢనిద్రలో కూడా మెదడులో ఎడమ అర్ధభాగం కొంత మెలకువగా కాపలా కాస్తుందని 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన తెలిపింది. కాని మా గదికి రెండు అంతస్తుల పైన ఉదయం ఆరున్నరకే గోడలు తొలిచే పని మొదలయింది. మనిషి హాయిగా నిద్రించాలంటే పడకగదిలో శబ్దం 30 డెసిబెల్స్ మించరాదు. గుసగుసగా మాట్లాడుకునేంత శబ్దం అన్నమాట. భవనం పూర్తి కాకముందే గదులు అద్దెకిస్తే ఆ నిశ్శబ్దం ఎక్కడనుంచి వస్తుంది?

భోజనశాలలో పదార్థాలు లెక్కకు మించి ఉన్నాయి. వాటి కింద వేడిచేసే దీపాలు కొన్ని ఆరిపోయి ఉన్నాయి. వేడి పదార్థాలు 60 డిగ్రీలకు పైన, చల్లనివి 5 డిగ్రీలకు లోపల ఉండాలి. రెండు గంటలకు మించి మామూలు వేడిమిలో వండిన ఆహారం ఉంచరాదు. ఉదయం ఆరున్నరకు పెట్టిన కొబ్బరి పచ్చడి పదిన్నర వరకు అదే గిన్నెలో ఉండింది. నేను ఆవిరి కక్కుతున్న ఇడ్లీలు అడిగి తెప్పించుకొని, కారప్పొడితో తిన్నాను.

నిరాశకు మూలం

అక్కడ పనిచేసే పిల్లలను నేను నిందించను. పల్లెల నుంచి వచ్చిన యువతీయువకులు, ఎంతో నమ్రత గలవారు. చేతులు జోడించి తల ఎంత వంచాలో వారికి నేర్పారు. నేల తడి ఆరిందో లేదో చూడడం, వాడని గదిలో కుళాయి తిప్పడం, గిన్నెలో ఉష్ణమాపకం ముంచడం నేర్పలేదు. యజమానులకు అప్పు మీద వడ్డీ రోజూ పెరుగుతుంది, ముహూర్తాల కాలం దాటిపోతే ఏడాది ఆదాయం పోతుంది. అది అర్థం చేసుకోదగినదే. కాని రెండు బసల మధ్య గడిచిన ఏడు నెలలలో ప్రవేశమందిరంలో కొత్త ఫౌంటెన్ వెలిసింది, గాజు దీపాల గుత్తి ఒకటి అదనంగా వేలాడింది. స్నానాల గదులలో మాత్రం ‘నేల తడిగా ఉంది, జాగ్రత్త’ అనే పసుపుపచ్చ ఫలకం తప్ప మరే మార్పూ లేదు. కనిపించేవాటికి డబ్బు దొరికింది, కాపాడేవాటికి దొరకలేదు. నా నిరాశ అందుకు.

కొత్త హోటలుకు వెళ్ళేవారికి నా సూచనలివి. గది ముందుగా కేటాయించుకొనేటప్పుడే కిటికీ తెరుచుకుంటుందా, స్నానాల గదిలో కడ్డీలు ఉన్నాయా, భవనంలో పని ఇంకా జరుగుతున్నదా అని అడగండి. ఉబ్బసం ఉన్నవారు తెరిచి కొన్ని నెలలు గడచిన హోటలును ఎంచుకోవడం మేలు. పీల్చే మందు చేతిసంచిలోనే ఉండాలి. గదిలో చేరగానే కుళాయిలు, జల్లు తిప్పి, స్నానాల గది తలుపు మూసి, కొన్ని నిమిషాలు బయట ఉండండి. వృద్ధులకు రబ్బరు చాప, చిన్న చేతిదీపం వెంట తీసుకువెళ్ళండి. హోటలులో బస చేసిన రెండు వారాలలోపు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే వైద్యునికి ఆ బస సంగతి తప్పక చెప్పండి. లీజియనెల్లాకు పెనిసిలిన్ జాతి మందులు పనిచేయవు. అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటివి వాడాలి. ఏభై దాటినవారు, పొగతాగేవారు, మధుమేహం గలవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

అక్కయ్య చేతికి ఆ రోజే ఎముకలు సరిచేసి కట్టు వేయించాము. సాయంత్రం పెళ్ళిలో కుడిచేయి లేవక అక్షింతలు వేయలేకపోయింది; ఎడమచేత్తో వేయడానికి మనసొప్పలేదు. మనవరాలే దగ్గరకు వచ్చి ఆ కట్టు కింద తల వంచింది. ఆరు వారాలలో ఎముక అతికింది. పిడికిలి బిగించే శక్తి మూడువంతులు వచ్చింది. రానిది ధైర్యం. ఇప్పుడు ఆమె తన ఇంటి స్నానాల గదికి కూడా ఒకరి చేయి పట్టుకొని వెళుతుంది, ఎవరింట పెళ్ళి అని పిలిచినా “నేనెక్కడ రాగలను” అంటుంది. పడిన వృద్ధులలో మరల పడతామనే ఈ భయం కదలికలను తగ్గిస్తుంది. కదలిక తగ్గితే కండరాలు క్షీణిస్తాయి. కండరాలు క్షీణిస్తే నిజంగానే మరల పడతారు. స్నానాల గదిలో ఒక ఉక్కు కడ్డీ బిగించడానికయ్యే ఖర్చు ఆ గదికి ఒక్క రాత్రి అద్దెలో కొంతభాగం మాత్రమే. హోటళ్ళు కట్టేవారెవరైనా ఇది చదివితే, ముందు ఆ కడ్డీ బిగించి, తరువాత దీపాల గుత్తులు వేలాడదీయమని నా మనవి.