నీళ్లు మిగులుతాయి సరే, తవుడు మాటేమిటి?



2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయిన దగ్గర్నుంచి మన సిరిగేరి చుట్టుపక్కల క్యాంపుల్లో దాళ్వా మీద ధీమా పోయింది. అందుకే షెడ్డులో తొట్లు కట్టి, వాడిన నీళ్లనే శుభ్రం చేసుకుంటూ చేపలు పెంచే ఆర్‌ఏఎస్ గురించి చాలామంది అడుగుతున్నారు. పొలం తాకట్టు పెట్టే ముందు ఈ నాలుగు మాటలు చదవండి.

నీళ్ల సంగతి నిజమే. ఎకరం చెరువులో ఐదడుగులు నింపాలంటే 60 లక్షల లీటర్ల పైమాటే. 90 ఘనపు మీటర్ల తొట్లు ఎనిమిదింటికీ కలిపి 7.2 లక్షల లీటర్లు చాలు. చేపల మలం జల్లెడలో ఆగుతుంది. అమ్మోనియాను బయోఫిల్టర్‌లోని బాక్టీరియా నైట్రేటుగా మారుస్తుంది. గాలి కలిపిన నీరు తిరిగి తొట్టిలోకి వస్తుంది.

కానీ మన బొచ్చె, శీలావతి చౌకగా పెరిగేది చెరువే కొంత మేత పెడుతుంది కాబట్టి. కొల్లేరు వైపు మనవాళ్లు ఆపైన చిల్లుల సంచుల్లో తవుడు పోసి గెడలకు కడతారు. సిరుగుప్ప మిల్లుల్లో తవుడుకు కొదవ లేదు. అదే తవుడు తొట్టిలో వేస్తే నీరు చిక్కబడి ఫిల్టర్ మూసుకుపోతుంది. అక్కడ ప్రతి గింజా కొన్న పిల్లెట్టే. పంపులు రాత్రింబవళ్లు తిరగాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే, కిక్కిరిసిన తొట్టిలో చేప గంట కూడా ఓర్చుకోకపోవచ్చు. బజారులో మాత్రం తొట్టిలో పెరిగిన శీలావతికి ఎవరూ ఎక్కువ ధర కట్టరు.

2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన లెక్కలో ఎనిమిది తొట్ల యూనిట్ 50 లక్షలు. సబ్సిడీ మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగతావారికి 40. అంటే ఆ మిగతావారి నెత్తిన 30 లక్షలు. శీలావతి ఆ వడ్డీ మోయలేదని నా అభిప్రాయం.

చేయాలనుకుంటే 100 ఘనపు మీటర్ల ఒక్క తొట్టితో, 7.5 లక్షల చిన్న యూనిట్ చూడండి. వానల్లో దొరికిన పిల్లను అందులో సాకి, కాలువ ఎండిన నెలలు దాటించండి. పిల్లదశలో మేత తక్కువ. కాలువ వదిలాక ఎదిగిన పిల్లను చెరువులో వేస్తే చావులు తగ్గుతాయి, పంట త్వరగా చేతికొస్తుంది. అక్కడినుంచి తవుడు పనికొస్తుంది.

ఎవరైనా కొటేషన్ తెప్పించి ఉంటే, కిలో చేపకు మేత ఎంత, కరెంటు ఎంత అని విడిగా రాయించుకోండి. గ్రూపులో పెట్టండి, సంతకం చేసే ముందే అందరం కలిసి చూద్దాం.