ముందు పొగ చూడు, తర్వాత పానా పట్టు

వరంగల్ చుట్టుపక్కల ఊర్లల్ల ఏ పాత ట్రాక్టరు మొరాయించినా, చుట్టూ జేరిన జనం చెప్పేది ఒకటే మాట: "బ్యాటరీ పోయిందే." సెల్ఫ్ గిర్రున తిరుగుతుంటే కూడా అదే మాట!

ఈ పాత డీజిల్ బండ్లకు స్పార్క్ ప్లగ్గు లేదు, కంప్యూటరు లేదు. డీజిల్, గాలి, కంప్రెషన్ మూడూ సరిగ్గుంటే చాలు. ట్యాంకు ఎండేదాక నడిపితే లైన్ల గాలి జొరబడ్తది. ఫిల్టరు మీది స్క్రూ లూజు చేసి, ఫీడ్ పంపును చేత్తోని కొట్టాలె. ముందు బుడగలొస్తయ్, తర్వాత ఒక్క తీరుగ డీజిల్ వస్తది. అప్పుడు బిగిస్తే సగం కేసులు అక్కడ్నే ఖతం.

స్టార్టయినంక పొగ చూడాలె. నల్లగుంటే ముందు ఎయిర్ క్లీనర్ ఇప్పి చూడు. నీలంగుంటే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు. వేడెక్కినా తెల్లపొగ ఆగకుంటే నాజిల్ గానీ, హెడ్ గ్యాస్కెట్ గానీ అనుమానించాలె.

అసలు తిప్పలు స్పేర్ పార్టులది. జెటార్ కంపెనీ టెక్నాలజీతోని 1971ల పింజోర్‌ల ట్రాక్టర్లు మొదలువెట్టిన హెచ్‌ఎంటీ, 2016ల ఆ డివిజన్‌నే మూసేసింది. హెచ్‌ఎంటీ రెండు సిలిండర్ల 2511 మాడల్‌కు ఇప్పుడు సామాను కావాల్నంటే పాత ఇనుప సామాన్ల దుకాణాలు తిరగాలె, లేకుంటే లేత్ మిషన్ కాడ చేయించుకోవాలె.

కంపెనీ బంద్ పెట్టినా బండి నడుస్తున్నదంటే, ఆ గొప్పతనం ఊరి మెకానిక్‌లదే. మీ దిక్కు ఇంకా దుక్కి దున్నుతున్న పాత బండి ఏ మాడలో జర చెప్పుండ్రి.