ఆయన మంచివాడే

సర్ స్టాన్లీ జాక్సన్ గురించి ఎక్కడ చదివినా ఆయన పెద్దమనిషి అనే రాశారు. అది నమ్మకపోవడానికి నాకే కారణమూ దొరకలేదు. 1870లో లీడ్స్‌లో కలిగిన ఇంట్లో పుట్టాడు. హారో స్కూల్లో ఈయనకు చిన్నాచితకా పనులు చేసిపెట్టిన జూనియర్ కుర్రాడు విన్‌స్టన్ చర్చిల్. కేంబ్రిడ్జి జట్టు కెప్టెన్‌గా 1893లో రంజిత్‌సింహ్‌జీకి చోటిచ్చాడు. అంతకుముందు ఏడాది ఆ చోటు ఇవ్వలేదు. మధ్యలో ఒక చలికాలం ఇండియా వచ్చి ఆడివెళ్లాక మనసు మారింది. 1905లో ఇంగ్లండ్ కెప్టెన్‌గా ఆస్ట్రేలియా మీద అయిదు టెస్టుల్లోనూ టాస్ గెలిచాడు. సిరీస్‌ని 2-0తో గెలిచాడు. బ్యాటింగ్ సగటులోనూ బౌలింగ్ సగటులోనూ తనే మొదటివాడు. తర్వాత పార్లమెంటు, కన్సర్వేటివ్ పార్టీ అధ్యక్ష పదవి. 1927లో బెంగాల్ గవర్నరు.

ఇక్కడికొచ్చేసరికి ఆయన జీవితచరిత్రలు తొందరపడతాయి. ఆ అయిదేళ్లలో బెంగాల్లో ఏం జరిగింది? విచారణ లేకుండా మనుషుల్ని నిర్బంధించే చట్టాలొచ్చాయి. 1931 సెప్టెంబరులో హిజిలీ నిర్బంధ శిబిరంలో పోలీసులు కాల్పులు జరిపి ఇద్దరు ఖైదీలను చంపారు. పుస్తకాల్లో వీటికి చోటు తక్కువ. 'ఒక విద్యార్థిని ఆయన మీద కాల్పులు జరిపింది, ఆయన తప్పించుకున్నాడు' అన్న వాక్యం మాత్రం తప్పకుండా ఉంటుంది.

ఆ విద్యార్థిని పేరు బీనా దాస్. 1932 ఫిబ్రవరి 6న కలకత్తా విశ్వవిద్యాలయం స్నాతకోత్సవం. గవర్నరే చాన్సలర్. ఆమెకి ఇరవయ్యేళ్లు, ఇంగ్లీషులో ఆనర్స్ పట్టా అందుకోవలసిన రోజు. కమలా దాస్‌గుప్తా సంపాదించి ఇచ్చిన రివాల్వరు ఆమె దగ్గరుంది. అయిదుసార్లు పేల్చింది. ఆయనకేమీ కాలేదు. ఆమెకి తొమ్మిదేళ్ల కఠిన శిక్ష పడింది.

ఆమె చేసిన పనిని మెచ్చుకోమని నేననను. నన్ను ఆపేసింది ఆమె కోర్టులో ఇచ్చిన వాంగ్మూలం. జాక్సన్ అనే మనిషి మీద తనకు ఏ ద్వేషమూ లేదనీ, ఆయన కూర్చున్న గవర్నరు పదవి తన దేశాన్ని అణిచిపెట్టే వ్యవస్థకు ప్రతినిధి అనీ చెప్పింది. మనిషి వేరు, కుర్చీ వేరు. ఆ కుర్చీ మీదకు పేల్చిన గుండు మనిషికే కదా తగిలేది అన్న ప్రశ్న నాకు ఇప్పటికీ తెగలేదు. కానీ ఆమె విడదీసి చూసినదాన్నే జీవితచరిత్రకారులు మళ్లీ కలిపేస్తారు. మైదానంలో మర్యాదస్తుడు కాబట్టి రాజభవనంలోనూ మర్యాదస్తుడే అయివుంటాడంటారు.

నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పి బతికినదాన్ని. ఆమె ప్రేమించి చదివిన సాహిత్యమూ, ఆయన ఆడిన ఆటా, ఆ పట్టా, అన్నీ ఒకే చేతుల మీదుగా మన దగ్గరికి వచ్చాయి. 'న్యాయంగా ఆడటం' అనే మాటను మనం వాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఎన్ని క్లాసుల్లో విన్నామో! ఆట నియమాలు రాసే హక్కు ఎవరిదన్న ప్రశ్న మాత్రం సిలబస్‌లో ఉండదు.

ఆమె వాంగ్మూలం చదువుతున్నప్పుడు నాకు మా కాలేజీ విచారణ కమిటీ గుర్తొచ్చింది. ఒక సహోద్యోగి మీద ఒకమ్మాయి ఫిర్యాదు ఇచ్చింది. కమిటీలో అందరూ మొదటిగా అన్నమాట ఒకటే: "ఆయన మంచివాడేనమ్మా, నాకు ఇరవయ్యేళ్లుగా తెలుసు." ఆ మాటతో అమ్మాయి ఫిర్యాదు పక్కకు జరిగి, ఆయన మంచితనమే విచారణాంశమైపోయింది. మార్కులు వేసే చెయ్యి ఆయనది, దాని గురించి మాట్లాడదామని నేనన్నాను. ఎవరూ మాట్లాడలేదు. మంచివాడైన భర్త, మంచివాడైన మామగారు, మంచివాడైన ప్రిన్సిపాలు: మన ఆడవాళ్లు ఎన్ని చోట్ల ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోయారో లెక్కేముంది!

జాక్సన్ 1932లోనే ఇంగ్లండ్ వెళ్లిపోయి, 1947 మార్చిలో లండన్‌లో కన్నుమూశాడు. బీనా దాస్ 1939లో విడుదలై, క్విట్ ఇండియా ఉద్యమంలో మళ్లీ జైలుకెళ్లింది. తన కథను తానే బెంగాలీలో 'శృంఖల్ ఝంకార్' పేరుతో రాసుకుంది. 1986లో ఋషికేశ్‌లో దిక్కులేని స్థితిలో చనిపోయింది. ఆ తుపాకీ పేలాక యాభైనాలుగేళ్లు బతికిన మనిషిని మనమూ ఆ ఒక్క మధ్యాహ్నానికే కుదించకూడదు.

అప్పుడు ఆపేసిన పట్టాను విశ్వవిద్యాలయం 2012లో ఆమె పేరిట ప్రకటించింది. అందుకు ఎనభై ఏళ్లు పట్టింది.