నడివయసువారి విల్లమ్ములు

మన దేశమున నలువది యేండ్లు నిండినవానికి రెండు పనులు తగునని లోకులు నిర్ణయించి యుంచినారు. సులోచనములు పెట్టుకొనుట యొకటి. పరులకు బుద్ధులు చెప్పుట రెండవది. మొదటిదానికి చత్వారమని పేరే కలదు. రెండవదానికి పేరు లేదు గాని, మేము ఉపాధ్యాయులము గనుక, జీతము కలదు. ఈ రెండును గాక మూడవ పని, అనగా ఆట, యెవడైన మొదలుపెట్టెనా, ఇంటివారు మొదట నవ్వుదురు, పిమ్మట దిగులుపడుదురు, తుదకు వైద్యుని పేరు చెప్పుదురు.

మేము విలువిద్య మొదలుపెట్టి రెండేండ్లయినది. విజయవాడలో విల్లు పట్టినవాడు కారణము చెప్పనక్కఱలేదు. అర్జునుడు పాశుపతము కొఱకు తపస్సు చేసిన యింద్రకీలాద్రి యిదియే యని మన స్థలపురాణము. పురాణమును నమ్మనివారికి ప్రత్యక్షప్రమాణమును కలదు. 1996లో ఈ యూర పుట్టిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలయందు మూడు స్వర్ణపతకములు గెలుచుకొనిరి. ఈ యూరివారే యగు బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో గూడి, 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడల మిశ్రమజట్టు పోటీలో నాలుగవ స్థానము పొందిరి. కావున తెల్లవాఱకముందే మైదానమునకు వచ్చు పదేండ్ల పిల్లలకు కొదువ లేదు. వారిని తీసికొని వచ్చి, టిఫిను డబ్బాలు ఒడిలో పెట్టుకొని, బల్లలమీద రెండేసి గంటలు కూర్చుండు తల్లులకును కొదువ లేదు. ఆ తల్లుల మాట పిమ్మట వచ్చును.

పిల్లలకు విల్లు ఏర్పఱచువాడు గురువు. చేయి కొలుచును, భుజము చూచును, లేతవిల్లు చేతికిచ్చును, బలము పెరిగినకొలది మార్చును. నలువది దాటి వచ్చినవానికి కొలిచి యిచ్చుటకు గురువునకు మొగమాటము. కొలిపించుకొనుటకు వానికి అభిమానము. అందుచే వాడు తనకు తానే యెన్నుకొనును. ఎన్నుకొనునప్పుడు వాని కన్ను తన భుజముమీద నుండదు, ప్రక్కవాని విల్లుమీద నుండును.

విల్లు బరువనగా చేతితో మోయు బరువు కాదు. అల్లెత్రాటిని గడ్డము వఱకు లాగి నిలుపుటకు కావలసిన బలము. దానిని పౌనులలో లెక్కింతురు. విల్లు రెండు కొసలనుండు బద్దలను మైదానములో లింబులందురు. వానిమీద వ్రాసిన యంకె 28 అంగుళముల లాగుడునకు సరిపోవునది. ఒక యంగుళము తక్కువ లాగినచో సుమారు రెండు పౌనులు తగ్గును. ఒక పోటీలో వేయవలసిన బాణములు 72. విల్లు 38 పౌనులదైనచో ఆ పూట లాగిన మొత్తము 2736 పౌనులు, అనగా 1241 కిలోలు. మన డెల్టా రైతు లెక్కలో 75 కిలోల ధాన్యపు బస్తాలు పదాఱున్నర! 26 పౌనుల విల్లయినచో పదకొండు బస్తాల పైచిలుకు. అయిదు బస్తాల భేదము నలువది దాటిన భుజమునకు తెలియకుండ నుండునా?

మాతోపాటి గణితోపాధ్యాయులొకరు ఏబది మూడేండ్లవారు. మనవరాలిని మైదానమునకు తీసికొని వచ్చుచు తామును విల్లు పట్టిరి. పదునెనిమిదేండ్ల యాడుపిల్ల 38 పౌనులు లాగుచుండగా చూచి, అంతకంటె తక్కువది కొనుటకు మనసొప్పక అదియే కొనిరి. మూడవ మాసమున వారి కుడిభుజము బిగిసికొనిపోయెను. ఈ వ్యాధి నలువదికిని అఱువదికిని నడుమ తఱచుగా వచ్చుననియు, మధుమేహము గలవారికి మఱింత తఱచనియు వైద్యులు చెప్పిరి. వారికి మధుమేహమును కలదు. చేయి భుజమునకు మించి లేవదు. నాలుగు మాసములు వారు కుర్చీలో కూర్చుండి నోటితో లెక్క చెప్పుచుండగా, నల్లబల్లమీద పిల్లలు వ్రాయుచుండిరి. ముప్పది యేండ్లుగా తమ గుండ్రని యక్షరములకు పేరుపడినవారు! విల్లు అటకెక్కినది. ఇంట వారి భార్య, 'ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ' అని యొక్క మాటయే యనెను. ఆ యొక్క మాటతో వారు నడకకు పోవుట కూడ మానిరి. చేయి నొప్పికంటె మాకు ఇది యెక్కువ బాధగా తోచెను. నడివయసున మాని కూర్చున్నవాడు మరల లేచుట యరుదు. వైద్యుడు వ్యాయామము చేయుమన్నను, చేయకుండుటకు ఇంటిల్లిపాదియు సాయము చేయుదురు.

భుజము నెమ్మదించిన పిమ్మట మేము వారి యింటికి పోయి, 'మాస్టారూ, 26కు దిగండి' అంటిమి.

'ఇరవై ఆరా? మా మనవరాలు లాగేది ఇరవై నాలుగండీ. రెండు పౌన్లు ఎక్కువన్న గౌరవమే మిగుల్తుంది నాకు' అని వారు నవ్విరి. ఆ నవ్వులో నవ్వు లేదు.

వసిష్ఠుని పేర ప్రచారములో నున్న ధనుర్వేదసంహితలో ఈ విషయమునకు స్పష్టమైన విధి కలదు. విల్లు విలుకాని బలమునకు లోబడినదై యుండవలెను. విల్లే తన్ను పీడించుచుండగా విలుకానికి గుఱి కానరాదు అని దాని తాత్పర్యము. ఆ భాగమును వారికి చదివి వినిపించితిమి. 'సంస్కృతంలో చెబితే అవమానం తగ్గుతుందా?' అని వారడిగిరి. తగ్గునని చెప్పితిమి. మన వారికి నిజముగానే తగ్గును; వైద్యుడు చెప్పిన చప్పని మాట, శాస్త్రమున నున్నదనగానే రుచించును. ఈ దౌర్బల్యమును మంచి పనికి వాడుకొనుట తప్పు కాదని మా యభిప్రాయము.

మౌసలపర్వమున వృద్ధుడైన యర్జునుడు ద్వారకనుండి స్త్రీలను తోడ్కొని వచ్చుచు, దొంగలు పైబడినప్పుడు గాండీవము నెక్కుపెట్టుటకే యెంతో శ్రమపడినాడు. చూచుచుండగనే దొంగలు స్త్రీలను గొనిపోయిరి. పండితులు దీనిని కృష్ణనిర్యాణఫలమని చెప్పుదురు. కావచ్చును. కాని యౌవనమున నెత్తిన విల్లునే ముదిమియందును ఎత్తవలసి వచ్చుట, మఱియొకటి చేపట్టుమని చెప్పువాడు లేకపోవుట కూడ అందు కలవు. మహాప్రస్థానమున అగ్నిదేవుడు వచ్చి యడిగినగాని గాండీవము వారి చేయి విడువలేదు. ఆస్తికులు మమ్ము మన్నింతురు గాక.

గణితోపాధ్యాయులు 26 పౌనుల లింబులు తెచ్చుకొనిరి. భుజము నొచ్చలేదు. కాని బాణములన్నియు ఎడమకు పోజొచ్చెను. పది దినములు ప్రయత్నించి, 'చేయి పోయిందండీ, ముసలితనం' అని మరల నిరాశపడిరి. ఇక్కడనే అసలు విషయము కలదు. చేయి పోలేదు, పాత విల్లుకు కొన్న బాణపు కాడలు కొత్త విల్లుకు మిక్కిలి బిఱుసు.

బాణము వింటిని విడుచునప్పుడు నిలువుగా పోవునని చూచువారి భ్రమ. వ్రేళ్లనుండి అల్లెత్రాడు జాఱునప్పుడు కొంచెము ప్రక్కకు పోయి కాడను త్రోయును. కాడ వంగును, వింటి ప్రక్కనుండి చేపవలె మెలిదిరిగి తప్పించుకొని, దూరము పోయినకొలది నిలకడ పొందును. వంగినందుననే సూటిగా పోవునన్న మాట. అమెరికాలో ఎల్మర్ అను వైద్యుడు దీనికి పెట్టిన పేరును మన భాషలో 'విలుకాని విరోధాభాసము' అనవచ్చును. తరువాత హిక్మన్ అను శాస్త్రజ్ఞుడు అతివేగముగా పనిచేయు ఛాయాగ్రహణయంత్రముతో ఆ మెలికలను కంటికి చూపినాడు. మన వారికి ఈ సంగతి వేఱు రూపమున తెలిసినదే. కావడిబద్ద నడకతో పాటు ఊగవలెను. ఊగని బద్ద భుజమును కోయును. కాలువలలో పడవ నడుపువాడు తన బలమునకు లొంగు వెదురుగడను ఏఱుకొనునే గాని లావైనదానిని కాదు.

కాడ యెంత వంగునో చెప్పు అంకెను స్పైన్ అందురు. 28 అంగుళముల యెడముతో రెండు ఆనికలమీద కాడను పరుండబెట్టి, నడుమ 880 గ్రాముల బరువు వ్రేలాడదీసినచో, అది యెన్ని వేయవవంతుల యంగుళము క్రుంగునో అదియే ఆ యంకె. 500 అనగా అర యంగుళము. 1000 అనగా అంగుళము. అంకె పెరిగినకొలది మెత్తన. మార్కులకు అలవాటుపడిన మా వృత్తివారికి ఇది తలక్రిందుల లెక్క. కాని 'నీకు 600 తగును, నాకు 900' అనిన, విననివాడు మనమే మొదటి తరగతి యనుకొనును గదా!

మా మిత్రులు లెక్కను చేసి చూడక నమ్మువారు కారు. రెండు కుర్చీల వీపులమీద తమ పాత కాడను పెట్టి, ఇంటి త్రాసున 880 గ్రాముల కందిపప్పు తూచి, మూటగట్టి వ్రేలాడదీసిరి. 15 మిల్లీమీటర్లు క్రుంగెను; అనగా 600. మేము తెచ్చిన కాడ 23 మిల్లీమీటర్లు క్రుంగెను, అనగా 900. వారి భార్య వాకిట నిలుచుండి, 'లెక్క తేలాక పప్పు ఇటివ్వండి, ఎసరు మరుగుతోంది' అనెను. అటకమీది విల్లు దిగినందుకు ఆమెకు కోపము లేకపోవుట మేము గమనించితిమి.

తనకు తగినదేదో తెలిసికొనుటకు కంటికి కనబడు పరీక్ష యొకటి కలదు. 18 మీటర్ల నుండి ఈకలు గల బాణములు మూడును, ఈకలు లేని కాడ యొకటియు వేయవలెను. ఈకలు తప్పును కొంత దిద్దును. ఈకలు లేనిది నిజము చెప్పును. కుడిచేత లాగువానికి అది గుంపునకు ఎడమగా నాటినచో కాడ బిఱుసు. కుడిగా నాటినచో మెత్తన. బిఱుసైనదానికి ములుకు బరువు పెంచవచ్చును. మెత్తనైనదానిని కొంచెము కొంచెముగా కోసి పొట్టి చేయవచ్చును, కాని లాగుడుకంటె పొట్టిగా ఎన్నడును కాదు. కోసినది అతుకదు గనుక మొదట పొడవుగా కొనుటయే తెలివి. ఇంకొక జాగ్రత్త: కార్బను కాడ దేనికైన తగిలినప్పుడెల్ల, చెవియొద్ద పెట్టుకొని వంచి, చిటపట వినబడునేమో చూడవలెను. బీటవాఱినది వేసినచో చీలి చేతిలో దిగును. పొదుపరులు ఈ విషయమున మాత్రము పొదుపు చేయరాదు.

గోల్ఫుక్రీడ యందును ఇదే కథ. మన విశాఖపట్టణమునను ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు కలదు. ఆ యాటలో కొట్టు కఱ్ఱల కాడలు బిఱుసునుబట్టి రకములు. వేగము తగ్గినవారికి తగిన మెత్తని రకమునకు 'సీనియర్' అని పేరు పెట్టిరి. సరకు మంచిదే, పేరు మంచిది కాదు. ధనుర్వేదమువారు మేలు: ముందు లావైన బాణమును స్త్రీ యనియు, వెనుక లావైనదానిని పురుషుడనియు, సమమైనదానిని నపుంసకమనియు చెప్పి, గుఱి కొట్టుటకు మూడవదియే ప్రశస్తమనిరి. మగతనము వేఱు, గుఱి వేఱు అని అప్పుడే తేల్చిన వారన్నమాట.

ఇక తల్లుల మాట. 1908లో లండను ఒలింపిక్ క్రీడలయందు విలువిద్యలో స్త్రీలలో ప్రథమస్థానము పొందిన క్వీనీ న్యూవల్ వయసు అప్పటికి 53. జపానులో ఉపాధ్యాయుడైన హిరోషి యమమోటో 1984లో కాంస్యపతకము పొంది, ఇరువదేండ్లు వేచి, 2004లో 41వ యేట రజతపతకము గెలిచెను. అంతర్జాతీయ నియమములే, ఏబది దాటినవారికి రికర్వు వింటితో 70 మీటర్లకు మాఱు 60 మీటర్ల దూరము పెట్టినవి. పది మీటర్లు దగ్గఱకు జరిగినందున వారినెవరును నవ్వరు. మన మైదానమున బల్లమీది తల్లికి ముప్పదియెనిమిది యేండ్లుండును. ఆమె చేతికి విల్లిత్తమన్న తలంపే ఎవరికిని కలుగలేదు. అడిగిన, 'ఆడవాళ్లు లాగలేరండీ' అందురు. ఆ మాట అనునప్పుడు వారి వెనుకనే ఆమె కూఁతురు 30 పౌనులు లాగుచుండును!

గడచిన శ్రావణమున మా గృహిణి 18 పౌనుల విల్లు పట్టినది. వీథిలోనివారు రెండు దినములు మాటలాడిరి. మూడవ దినము వారికి వేఱు పని కలిగెను. ఆమెను చూచి బల్లమీదినుండి ఇద్దఱు తల్లులు లేచిరి. పిల్లల సాధన ముగిసిన పిమ్మట ఒక యరగంట వారికి దొరకినది. పిల్లలు విడిచిన పాత లింబులు, పాత కాడలు వారికి సరిపోయినవి, ఖర్చు స్వల్పము. వారిలో నొకామె ఈకలు లేని కాడ కుడిగా నాటుచున్నది. అర యంగుళము కోయవలెను, ఇంకను కోయలేదు.

గణితోపాధ్యాయులు ఇప్పుడు 28కు ఎక్కుదునా యని యడుగుచున్నారు. వారి వింటి లింబుల మరలు బిగించినచో పదింట నొకవంతు వఱకు బరువు పెరుగును గనుక కొత్తవి కొననక్కఱలేదు. కాడలను మాత్రము మరల పరీక్షింపవలెను.