ఇంటి కొలపాత్ర

మా గ్రామము పేరులోనే 'సోల' యున్నది గదా యని పిల్లలు పరిహాసమాడుచుందురు. ఆ పేరునకును కొలతకును సంబంధమున్నదని మేము చెప్పబోము గాని, సోల యనగా నెంతయో నేటి విద్యార్థులలో నెఱిగినవారు తక్కువ. నాలుగు గిద్దలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. 1956 నాటి తూనికలు కొలతల చట్టము వచ్చిన పిదప నివి క్రమముగా అంగడిని విడిచినవి. పెక్కిండ్లలో వంటగదిని కూడ విడిచినవి. అంగడిలో వానికి బదులుగా కిలో వచ్చినది. వంటగదిలో బదులేమియు రాలేదు. చేతికి వచ్చినంత బియ్యము, కంటికి తోచినంత పప్పు! ఈ లోటును గూర్చి విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మా ప్రాంతమున పొలముగల యిండ్లు కొన్ని, నెలజీతపు టిండ్లు కొన్ని. గంజాము జిల్లానుండి సూరతు మరమగ్గములకు పోయినవారు పంపు సొమ్ముతో గడచు నిండ్లు మఱికొన్ని. అన్నింటికిని సామాన్యమైన బాధ యొకటే: సొమ్ము వచ్చిననాటి సమృద్ధి చివరి దినములవఱకు నిలువదు. నిలువనప్పుడు చిన్న పొట్లములు కొనవలసి వచ్చును. ఏబది గ్రాముల పొట్లము పది రూపాయలైనచో కిలో రెండువందలైనదని యేడవ తరగతి బాలుడు చెప్పగలడు. అదే సరకు కిలో నూటయేబదికి దొరకుచున్నను ఆ బాలుని తల్లి పొట్లమే కొనును. ఆమెకు లెక్క రాక కాదు. ఆ దినమున ఆమె కొంగున పది రూపాయలే యున్నవి.

కావున పెద్దమొత్తమున కొనుట యెట్లో చెప్పుటకు ముందు ఎప్పుడో చెప్పవలెను. క్రొత్త చింతపండు వేసవి ముంగిట వచ్చును. ఎండుమిరపయు నాదరినే వచ్చును. వరికోత పిదప మన మళ్లలో చల్లిన పెసలు, మినుములును ఎండలు ముదురకమునుపే యిల్లు చేరును. ఏడాదికి వలయు దినుసు నప్పుడు కొనువారికి ధర కలిసివచ్చును. అయితే కొన్ననాటితో పని ముగియదు. చింతపండునకు గింజయు, ఈనెయు తీసి, ఎండబెట్టి, ఉప్పు చల్లి జాడీలో అదిమి పెట్టవలెను. పప్పుదినుసులను గలగలలాడునట్లు ఎండించి, చల్లారిన పిదపనే డబ్బాలో పోయవలెను. వేడి మీద మూత పెట్టిన చెమ్మ పట్టును. చెమ్మ పట్టినచోట పురుగు చేరును. పప్పు కాయలకును గింజలకును పలుచగా ఆముదము పట్టించుట మన పెద్దల యాచారము. పట్టణపు విద్య నేర్చినవారు దీనిని చూచి నవ్వనక్కఱలేదు. నూనె పట్టిన గింజపై పురుగు గ్రుడ్లు వృద్ధి పొందవు. బియ్యము నిలువయున్న కొలది వంటలో నొదుగును. క్రొత్తబియ్యము ముద్దయగును గాని ఒదుగదు. ధనియములు, మిరియములు గింజగానే యుంచి, వలసినప్పుడు వలసినంత దంచుకొనుట మేలు. ఆషాఢము వచ్చెనా, మన సముద్రపు గాలి పొడుల నన్నిటిని గడ్డకట్టించును.

సరిహద్దున నున్న మనకొక సౌకర్యము కలదు. దక్షిణమునకు పోయిన ఇచ్ఛాపురము, ఉత్తరమునకు పోయిన బరంపురము; రెండంగళ్ల ధరలును తెలిసియుండును. కాని కిలోకు రెండు రూపాయలు తగ్గునని అయిదు కిలోల సరకునకై నలువది రూపాయల బస్సుఖర్చు పెట్టు ఘనులను మేమెఱుగుదుము. బస్తా కొన్ననే ప్రయాణపు ఖర్చు గిట్టును. బస్తా కొను శక్తి యొక్క యింటికి లేనిచో నాలుగిండ్లు చేరవలెను. ఇది క్రొత్త యూహ కాదు. 1844 లో ఇంగ్లండునందలి రోచ్‌డేల్ పట్టణములో 28 మంది పనివారు, వారిలో పలువురు నేతగాండ్రు, మనిషికొక పౌను చొప్పున కూడబెట్టి పిండి, వెన్న, చక్కెర మున్నగు సరకులతో చిన్న అంగడి తెఱచిరి. గంజాము మద్రాసు రాజధానిలో భాగమైయున్న దినములలోనే, 1904 లో, మద్రాసున ట్రిప్లికేన్ సహకార సంఘము వెలసినది. మన యొడిశాలో 2001 నుండి మిషన్ శక్తి పేర స్త్రీల స్వయంసహాయ సంఘములు వ్యాపించినవి. పొదుపు సొమ్ము వ్రాసికొనుటకు కూర్చున్న పదిమంది, ఆ కూర్చున్నచోటనే ఒక బస్తా కందిపప్పు తెప్పించి తూచి పంచుకొనుటకు ఆటంకమేమి?

ఒక హెచ్చరిక. అప్పు చేసి మూట కొనరాదు. ఆరు నెలల సరకు నొక్కసారి కొన్నందువలన నూటికి పది రూపాయలు మిగిలిన వనుకొందము. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్మయినచో ఆరు నెలలలో వడ్డీయే పండ్రెండు. మిగిలినది పురుగుపట్టిన పప్పు! ఈ లెక్కను మేము తరగతిలో నిచ్చుచుందుము. తెలుగు పాఠమున లెక్కలేల యని విద్యార్థులు గొణుగుటయు కలదు.

ఇంత చేసినను, కొలువక వండు నింట పెద్ద డబ్బా చిన్న డబ్బాకంటె ముందే వట్టిపోవును. మా విద్యార్థిని యొకతె తల్లి యీ మాటనే మాకంటె స్పష్టముగా చెప్పినది: "డబ్బా నిండుగుంటే సెయ్యి ఆగదు మాష్టారూ. అడుగు కనిపిస్తేనే బుద్ధి వస్తాది." మేము ఉపాధ్యాయ శిక్షణకై ఆంధ్రప్రదేశమునకు పోయినప్పుడు, అచ్చటి వసతిగృహమున నెలఖర్చును సభ్యులందఱు సమముగా పంచుకొనెడివారము. ప్రతి యుదయమును వంతువచ్చిన విద్యార్థి సామానుల గది తాళము తీసి, తినువారి తలలు లెక్కించి, బియ్యము కొలిచి వంటవాని కిచ్చెడివాడు. ఊరికి పోవువాడు ముందునాటి రాత్రియే పేరు కొట్టించుకొనవలెను. ఈ కట్టుబాటు మాకప్పుడు పిసినిగొట్టుతనముగా తోచినది. నెలాఖరున చిల్లు కనబడనప్పుడు అందఱమును సంతసించితిమి.

మన పాఠశాలల మధ్యాహ్న భోజనమునకు కూడ కొలత కలదు. ప్రాథమిక తరగతుల బాలునికి బియ్యము 100 గ్రాములు, పప్పు 20 గ్రాములు. ఆరు మొదలు ఎనిమిదివఱకు గల తరగతులకు 150 గ్రాములు, 30 గ్రాములు. దీనిని ఆహార భద్రతా కార్డుతో పోల్చి చూడుడు. 2013 నాటి చట్టము ననుసరించి ప్రాధాన్య కుటుంబమున మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము. 2023 జనవరి నుండి అది ఉచితము. ముప్పది దినములకు పంచిన మనిషికి దినమునకు 166 గ్రాములు. అనగా బడిలో నొక పూటకు పెట్టు కొలతకంటె కొంచెమే హెచ్చు. రెండవ పూట బియ్యము కొనవలసినదే, లేదా పండింపవలసినదే. పప్పు సంగతి చెప్పనేల? అయిదుగురికి తలకు 30 గ్రాముల చొప్పున దినమునకు 150, నెలకు నాలుగున్నర కిలోలు. అంత కొనలేని యింటికి మన పొరుగువారి దాల్మా మంచి యుపాయము. గుమ్మడి, అరటికాయ, వంకాయ, బొప్పాయి ముక్కలు పప్పుతో నుడికి గిన్నె నింపును. పప్పు తక్కువయైనను పస చెడదు. తరవాణి యన్నను, పఖాళ యన్నను మిగిలిన యన్నము పాఱవేయని బుద్ధి యొక్కటియే. రాత్రి మిగిలినది నీటిలో పడెనా, ఉదయపు పూట సగము తీఱినది. చోడి అంబలి కూడ అట్టిదే.

అయితే కొలత యనగానే కడుపు మాడ్చుకొనుట యని కొందఱు భ్రమపడుదురు. మేము కొలువుడని చెప్పుట కసలు కారణము వేఱు. కొలువని యింట అన్నము తక్కువైననాడు తక్కువగునది యెవరికి? తండ్రికి కాదు, కుమారునికి కాదు. కడపట కూర్చుండు తల్లికి. ఆమెతో కూర్చుండు కూతురికి. గిన్నె అడుగున నెంత మిగిలినదో అదియే వారి వంతు. ప్రార్థనలో కన్నులు తిరిగి కూర్చుండిపోవు బాలికలను మేము చూచినాము. ప్రొద్దున నేమి తింటివమ్మా యని యడిగిన తల వంచుకొందురు. వారి యిండ్లలో బియ్యము లేక కాదు. వారి వంతు బియ్యము కొలిచినవారు లేక.

పైని చెప్పిన తల్లి కూతురు తొమ్మిదవ తరగతి చదువుచున్నది. తండ్రి సూరతులో నున్నాడు. ఇంటిలో అమ్మమ్మ, తల్లి, తాను, ఇద్దఱు తమ్ములు. ఆ బాలిక నెల బియ్యమును మూడు డబ్బాలలో పోసి, ఒక్కొక్కటి పది దినములకని సుద్దతో గీత గీసినది. పొయ్యి ముట్టించుటకు ముందు పిడికెడు బియ్యము వేఱొక కుండలో వేయును. పిడికెడు నలువది గ్రాములున్నదని కిరాణా కొట్టులో తూపించి మాకు చెప్పినది; నెలకు కిలో రెండువందల గ్రాములని లెక్కయు తానే కట్టినది. పాత లెక్కల పుస్తకము వెనుక పుటలలో ఇంటివారి పేర్ల వరుస వ్రాసి, ఎవరికి ఎన్ని గిద్దలో యెదురుగా తెలుగు అంకెలలో వేసికొనుచున్నది. వరుసలో మొదటి పేరేదో చూడుమని మాకు పుస్తకము తెచ్చి చూపినది. 'అమ్మ' యని యున్నది.